పందికొక్కు విదేశయాత్ర

(మన సంఘం ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

పంచాంగ శ్రవణం అయింది. ఆదాయ వ్యయాలూ, రాజపూజ్య అవమానాలూ ఎవరివి వారు లెక్క చూసుకొన్నారు. నోటిలో వేపపువ్వు చేదు ఇంకా పోలేదు. ఇంతలో ఒక ముసలి పంతులు లేచి పందికొక్కును గురించి మాట్లాడతానంటే మీలో కొందరికి నవ్వు రావటం సహజం. కార్యదర్శిగారు నన్ను పిలిచి, "పిల్లలు కూడా కూర్చుని వినే విషయం ఏదైనా చెప్పండి మాస్టారూ" అన్నారు. రాయలవారిని గురించీ, నన్నయగారిని గురించీ చెప్పగలవారు ఈ సభలో వేరే ఉన్నారు. నేను ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, మిగిలిన పొద్దంతా వరిమడిలో గడిపినవాణ్ణి. వరి పండించేవాడికి రాయలవారికంటె పందికొక్కుతోనే ఎక్కువ పరిచయం. కనుక నాకు తెలిసినదే చెబుతాను.

మొన్న సంక్రాంతికి మా మనుమడు క్యాంపుకు వచ్చాడు. వాడికి పదేళ్ళు. బస్తీలో ఇంగ్లీషు బడిలో చదువుతాడు, తోటి పిల్లలతో కన్నడం మాట్లాడతాడు, మాతో తెలుగు మాట్లాడతాడు. వాడి బాబాయి, అంటే మా రెండోవాడు, ఆస్ట్రేలియాలో సిడ్నీ నగరంలో ఉద్యోగం. వాడు పంపిన ఆట ఒకటి తెచ్చి టీవీకి తగిలించి, చేతిలో మీటలు పట్టుకొని కూర్చున్నాడు మనుమడు. ఇక భోజనానికి పిలిచినా పలకడు, అరిసెలు ఎదురుగా పెట్టినా చూడడు.

ఏమిటా అని నేనూ పక్కన చేరాను. తెరమీద ఒక వింత జంతువు. నారింజరంగు ఒళ్ళు, నీలం లాగు, కాళ్ళకు ఎర్ర బూట్లు, చేతులకు తొడుగులు. తలమీద వెంట్రుకలు నిక్కబొడుచుకొని ఉన్నాయి. నోరు చెవులదాకా సాగి నవ్వుతూనే ఉంది. అది దూకుతుంది, బొంగరంలాగా గిరగిరా తిరిగి అడ్డం వచ్చినవాళ్ళను ఎగరగొడుతుంది, చెక్కపెట్టెలు పగలగొట్టి అందులోని పళ్ళు ఏరుకొంటుంది. నూరు పళ్ళు ఏరితే ఒక ప్రాణం అదనంగా వస్తుందట. మనకూ ఆ సదుపాయం ఉంటే బాగుండును!

"ఇదేమి జంతువురా?" అని అడిగాను.

"బాండికూట్ తాతా. పేరు క్రాష్."

"బాండికూట్ అంటే ఏమిటి?"

"ఆస్ట్రేలియా జంతువు."

"ఆస్ట్రేలియా ఏమిట్రా, అది పందికొక్కు!" అన్నాను.

వాడు ఆట ఆపి నావైపు తిరిగాడు. "పందికొక్కు అంటే ఏమిటి తాతా?"

ఈ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. మూడు తరాలుగా వరి తిని బ్రతుకుతున్న ఇంట్లో పుట్టిన పిల్లవాడు పందికొక్కు అంటే ఏమిటని అడిగాడు. గట్లకు బొక్కలు పెట్టేది, గాదెలో వడ్లు తినేది, ఎలుకకంటె చాలా పెద్దది అని వర్ణించి చెప్పాను. వాడి ముఖం వికసించింది. "ఓ, హెగ్గణనా!" అన్నాడు.

హెగ్గణ కన్నడం మాట. మంచి మాటే, ఇక్కడి రైతులందరి నోటా అదే. దానిమీద నాకేమీ కోపం లేదు. వాడి లెక్కలో హెగ్గణ కన్నడం, బాండికూట్ ఇంగ్లీషు. ఒకటి పొలంలో ఉండే దొంగ, రెండవది టీవీలో ఉండే వీరుడు. ఈ రెండింటికీ సంబంధం లేదు. కాని ఆ బాండికూట్ అనే మాట ఎక్కడిది? సోదరులారా, అది మన తెలుగు మాట. పంది, కొక్కు కలిసి పందికొక్కు అయింది. తెల్లవారి నోట పడి బాండికూట్ అయింది. వాడు పొద్దున్నుంచి తెలుగే మాట్లాడుతున్నాడు, వాడికి తెలియదు.

ఇది స్వభాషాభిమానం చేత నేను కల్పించి చెబుతున్నదని అనుకోకండి. ఇండియాలో తెల్లదొరలు వాడిన మాటలన్నిటినీ పోగుచేసి యూల్, బర్నెల్ అనే ఇద్దరు పండితులు 1886లో 'హాబ్సన్ జాబ్సన్' అనే నిఘంటువు ప్రకటించారు. అందులో ఈ మాట తెలుగునుంచి వచ్చిందని స్పష్టంగా వ్రాశారు. ఇంగ్లీషు నిఘంటువులన్నీ ఇదే మాట ఒప్పుకొంటాయి. పందివలె గుర్రుమంటుంది గనుకనో, పందివలె నేల పెళ్ళగిస్తుంది గనుకనో మన పూర్వులు ఆ పేరు పెట్టి ఉంటారు. నా మట్టుకు నాకు గుర్రుమనటమే కారణమని తోస్తుంది. బొరియ దగ్గర మూలకు చిక్కిన పందికొక్కు చేసే శబ్దం విన్నవారెవరూ నన్ను కాదనరు.

ఈ జంతువు మన దేశమంతటా ఉంది. హిందీవారు ఘూస్ అంటారు, అరవవారు పెరుచ్చాళి అంటారు. పద్నాలుగో శతాబ్దంలో మన దేశం చూడవచ్చిన ఇబిన్ బతూతా అనే మొరాకో యాత్రికుడు దౌలతాబాదు కోట చెరసాలలో పిల్లులకంటె పెద్ద ఎలుకలున్నాయనీ, పిల్లులు వాటిని చూసి పారిపోతాయనీ వ్రాసుకొన్నాడు. ఇన్ని భాషలుండగా తెల్లవారు మన మాటనే ఎందుకు పట్టుకొన్నారు? వారి కుంఫిణీ 1611లోనే మచిలీపట్నంలో వర్తకపు కొఠీ పెట్టింది. కొఠీ అంటే గోదాములు, గోదాములంటే పందికొక్కులు. అద్దకపు బట్టల మూటలు కొరికిన జంతువు పేరేమిటని దొర అడిగితే, మన కూలివాడో దుబాసీయో చెప్పిన మాట అది అయి ఉంటుందని నా ఊహ. దీనికి నా దగ్గర కాగితం లేదు. ఊహ ఊహగానే తీసుకోండి.

శాస్త్రజ్ఞులు కూడ ఈ మాటను వదలలేదు. 1873లో గ్రే అనే ఆయన ఈ జాతికంతటికీ 'బాండికోటా' అని శాస్త్రనామం పెట్టాడు. మన గట్లను తవ్వే పందికొక్కు నేటికీ ప్రపంచంలో ఏ విశ్వవిద్యాలయంలోనైనా ఈ తెలుగు ఇంటిపేరుతోనే చలామణి అవుతున్నది.

ఇక విదేశయాత్ర. 1788లో ఇంగ్లీషువారు ఆస్ట్రేలియాలో సిడ్నీ వద్ద దిగారు. కొత్త దేశం, కొత్త జంతువులు. ఏ జంతువును చూసినా పేరు తెలియదు. అక్కడి ఆదిమవాసులు పెట్టుకొన్న పేర్లు ఉన్నాయి, కాని వారిని అడిగి తెలుసుకొనే ఓపిక అందరికీ ఉండదు గదా! పొడుగుమూతితో నేల తవ్వుతూ తిరిగే ఒక చిన్న జంతువు కనబడింది. చూడటానికి ఇండియాలో విన్న బాండికూట్ వలె ఉంది. ఆ పేరే దానికి తగిలించారు. పద్దెనిమిదో శతాబ్దం దాటకముందే ఈ పేరు మార్పిడి జరిగిపోయింది.

నిజానికి ఈ రెండు జంతువులకూ ఏ చుట్టరికమూ లేదు. మనది ఎలుక జాతి. వారిది కడుపుమీద సంచి ఉండే జాతి, కంగారూకు దూరపు బంధువు. ఆ సంచిలో ఒక చమత్కారం ఉంది. కంగారూ సంచి నోరు ముందుకు తెరచుకొని ఉంటుంది. బాండికూట్ సంచి నోరు వెనకకు ఉంటుంది. తల్లి నేల తవ్వుతున్నప్పుడు లోపలి పిల్లల కళ్ళలో మట్టి పడకుండా ఈ ఏర్పాటు. అది తినేది కూడ ముఖ్యంగా పురుగులూ, వానపాములూ, కొన్ని దుంపలూ. మన పందికొక్కు చేసినట్లు గాదెలు ఖాళీ చేయటం దానికి తెలియదు.

పేరు మాత్రం పోతూపోతూ మన పందికొక్కు గుణాన్ని కొంత వెంట తీసుకొనిపోయింది. ఆస్ట్రేలియావారి వాడుకలో 'బాండికూట్ చేయటం' అంటే పైన ఆకులు కదలకుండా కిందనుంచి బంగాళాదుంపలు దొంగిలించటం. మనం 'గాదె కింది పందికొక్కు' అని ఎవరిని అంటామో మీకు తెలుసు. సముద్రాలు దాటినా, జంతువే మారినా, మాటకు అంటుకొన్న దొంగతనం వాసన పోలేదు చూడండి!

మా రెండోవాడు సిడ్నీలో ఇల్లు తీసుకొన్న కొత్తలో ఒకరోజు ఫోను చేసి, "నాన్నా, మా పెరట్లో పచ్చికంతా బాండికూట్లు తవ్వి పోశాయి" అన్నాడు. ఆ నగరం ఉత్తరపు పేటల్లో ఇది మామూలేనట. రాత్రి వచ్చి గరాటుల్లాంటి చిన్నచిన్న గుంటలు పెట్టి పురుగులు తిని పోతాయి. నాకు ఈ జంతుభేదం అప్పుడు తెలియదు. వెంటనే, "నూకల్లో మందు కలిపి పెట్టరా, రెండు రోజుల్లో పీడ పోతుంది" అన్నాను. వాడు భయపడిపోయాడు. "అమ్మో, ఇక్కడ దాన్ని చంపితే నేరం నాన్నా! అది ఈ దేశపు సొంత జంతువు. అది వచ్చిందంటే పెరడు బాగున్నట్టు అని పక్కింటివాళ్ళు సంతోషిస్తున్నారు" అన్నాడు. ఆ రోజు మేమిద్దరం చాలాసేపు నవ్వుకొన్నాము. ఒకే మాట, ఇక్కడ విషం, అక్కడ రక్షణ.

రక్షణ ఎందుకు కావలసి వచ్చిందో కూడ చెప్పాలి. చారల బాండికూట్ అనే ఒక రకం ఆస్ట్రేలియా ఆగ్నేయపు గడ్డిబీళ్ళలో విస్తారంగా ఉండేది. వలసవచ్చినవారు ఆ బీళ్ళను దున్నారు. వేట సరదాకోసం తెచ్చి వదిలిన నక్కలు మిగిలినవాటిని తిన్నాయి. చివరకు ప్రధాన భూభాగం మీద అడవిలో ఒక్కటీ లేకుండా పోయింది. టాస్మేనియా ద్వీపంలో మాత్రం మిగిలింది. తరువాత కంచెలు కట్టి, నక్కలు లేని దీవుల్లో వదిలి, కాపలాకుక్కలను పెట్టి ఎంతో కాలం శ్రమపడితే, 2021లో విక్టోరియా రాష్ట్రం దానిని అడవిలో నశించినవాటి పట్టికనుంచి తీసి ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలోకి మార్చింది. వలసవచ్చి బీళ్ళు దున్నినవాళ్ళం మనము కూడా గనుక ఈ సంగతి చదివినప్పుడు నాకు ఏదోగా అనిపించింది. ఈ నల్లరేగడి మీద మనం రాకముందు ఏమేమి జంతువులు తిరిగేవో నేను ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు ఆటకు వద్దాము. పెద్దలు కొంచెం ఓపిక పట్టాలి. పిల్లలు ఇందాకటినుంచీ దీనికోసమే కూర్చున్నారు.

అమెరికాలో జేసన్ రూబిన్, ఆండీ గావిన్ అనే ఇద్దరు చిన్ననాటి స్నేహితులు ఆటలు తయారుచేసే ఒక సంస్థ పెట్టుకొన్నారు. దాని పేరు నాటీ డాగ్, అంటే అల్లరి కుక్క. 1994లో బోస్టను దగ్గరనుంచి లాస్ ఏంజెలెస్ దాకా, అంటే ఆ దేశం ఒక చివరనుంచి ఇంకొక చివరకు, కారులో పోతూ దారిపొడవునా ఒకటే చర్చ చేశారు. అంతవరకు ఇటువంటి ఆటల్లో వీరుడు తెరమీద ఎడమనుంచి కుడికి పరుగెత్తేవాడు, గోడమీద బొమ్మలాగ. అతణ్ణి తెర లోపలికి, దూరంగా అడవిలోకి పరుగెత్తిస్తే ఎట్లా ఉంటుందని వారి ఆలోచన. అయితే చిక్కేమంటే, ఆడేవాడికి ఎంతసేపూ వీరుడి వీపు తప్ప ముఖం కనబడదు. దీనిమీద వారు వేసుకొన్న హాస్యం సభలో చెప్పదగినది కాదు. ఆ చిక్కు తీర్చటానికి కొన్ని ఘట్టాలలో ఒక పెద్ద బండరాయి వెనకనుంచి దొర్లుకొని వస్తుంటే వీరుడు మనవైపే పరుగెత్తి వచ్చేటట్లు ఏర్పాటు చేశారు. మా మనుమడు ఆ ఘట్టంలో పదకొండుసార్లు చచ్చాడు. నేను లెక్కపెట్టాను, లెక్కల మాస్టరును గదా!

వీరుడిగా ఏ జంతువును పెట్టాలి? అప్పటికి ఈ రంగంలో జంతువులు రాజ్యం చేస్తూనే ఉన్నాయి. 1981లో డాంకీ కాంగ్ అనే కోతి వచ్చింది. 1991లో సోనిక్ అనే ముళ్ళపంది వచ్చింది. అది జపానువారి సృష్టి. లోకానికి అంతగా తెలియని, ముద్దుగా ఉండే జంతువు కావాలని వీరు టాస్మేనియా జంతువులను గురించిన ఒక చిన్న పుస్తకం కొని తిరగవేశారు. వాంబట్, పొటరూ, బాండికూట్ అని మూడు పేర్లు ఏరుకొన్నారు. మొదట కొంతకాలం దానిని 'విల్లీ వాంబట్' అనే పిలుచుకొన్నారు. ఆ పేరే నిలిచి ఉంటే ఈనాడు నాకు ప్రసంగం లేదు! చివరకు బాండికూట్ గెలిచింది. పెట్టెలు పగలగొట్టే ధాటి చూసి 'క్రాష్' అని ముందుపేరు పెట్టారు. బొమ్మ గీసినవారు చార్లెస్ జెంబిలాస్, జో పియర్సన్ అనే చిత్రకారులు. రంగు ఎంపికలో కూడ వ్యవహారజ్ఞానం చూపించారు: అడవి ఆకుపచ్చ, ఇసుక పసుపు, వీటిలో కలిసిపోకూడదు. ఎరుపు అప్పటి టీవీ తెరలమీద అలుక్కుపోయేది. కనుక నారింజరంగు.

1996 సెప్టెంబరులో సోనీవారి ప్లేస్టేషన్ అనే యంత్రం మీద ఆడేందుకు ఈ ఆట అమెరికాలో విడుదలయింది. ఆ యంత్రానికి ఉన్న జ్ఞాపకశక్తి రెండు మెగాబైట్లు. ఈనాడు మన జేబులోని ఫోనులో ఒక ఫోటోకు కూడ చాలకపోవచ్చు. అంత ఇరుకులో అడవులూ, నదులూ, శిథిలాలయాలూ ఇమిడ్చారు. ఒక్కొక్క అడుగు ముందుకు పోతుంటే ముందరి దృశ్యాన్ని పళ్ళెంనుంచి తెచ్చుకొంటూ, వెనకదానిని పారవేసుకొంటూ పోయే ఉపాయం పన్నారు. ఆ మొదటి ఆటే అరవై లక్షలకు పైగా అమ్ముడుపోయింది. 1997లో రెండవది, 1998లో మూడవది, 1999లో బండ్ల పందెం ఆట వచ్చాయి. తరువాత యాజమాన్యాలు చేతులు మారాయి. మంచివీ వచ్చాయి, నాసివీ వచ్చాయి. 2017లో మొదటి మూడింటినీ కొత్త మెరుగులతో తిరిగి విడుదల చేశారు. మా మనుమడి దగ్గర ఉన్నది అదే. 2020లో నాలుగవ భాగం వచ్చింది. 2023నుంచి ఈ పందికొక్కు మైక్రోసాఫ్టువారి సొత్తు.

కథ క్లుప్తంగా చెబుతాను. కార్టెక్స్ అనే దుష్ట శాస్త్రజ్ఞుడు ఒక దీవిలో కూర్చుని జంతువులకు తెలివి పుట్టించే కిరణం కనిపెట్టి, వాటితో సైన్యం చేసుకొని లోకాన్ని జయిద్దామనుకొంటాడు. క్రాష్‌ను సేనాపతిని చేద్దామని యంత్రంలో కూర్చోబెడతాడు. యంత్రం పనిచేయదు. పనికిరానిదని తరుముతాడు. అది కోట కిటికీలోంచి సముద్రంలో పడి ఇంకొక దీవి ఒడ్డుకు కొట్టుకొని వచ్చి, అక్కడనుంచి వెనకకు నడుచుకొంటూ పోయి ఆ దుర్మార్గుడి పనిపడుతుంది. ఇంతే. ఇందులో పెద్ద పురాణం ఏమీ లేదు. కాని యజమాని పనికిరాదని తోసివేసినవాడు దీవులన్నీ దాటి ఎదురు నిలబడటం పిల్లలకు నచ్చుతుంది. నాకూ నచ్చింది.

ఒక విశేషం మాత్రం నన్ను కుర్చీలోంచి లేపింది. ఒక ఘట్టంలో ఈ వీరుడు అడవిపందినెక్కి స్వారీ చేస్తాడు. పందికొక్కు పందినెక్కటం! పేరులోని మొదటి సగం మీద రెండవ సగం కూర్చున్నది. ఆ అమెరికా కుర్రవాళ్ళకు తెలుగు తెలిసి ఉండే అవకాశం లేదు. తెలిసి చేసినా ఇంత పసందుగా కుదరదు. మన వినాయకుడికి 'కొక్కురౌతు' అని అచ్చతెలుగు పేరొకటి ఉంది. అక్కడ కొక్కు వాహనం, ఇక్కడ కొక్కే రౌతు. ఈ సంగతి మా ఇంటావిడకు చెబితే, "సంతోషించాంగాని, పిల్లవాణ్ణి అన్నానికి లేపండి" అన్నది.

జంతువీరుల మాట వచ్చింది గనుక ఇంకొకటి. మనకు కూతవేటులోనే ఆనెగొంది ఉంది. హనుమంతులవారు పుట్టిన కొండ అని అంజనాద్రి మెట్లెక్కనివారు మనలో అరుదు. ఆయన బాల్యాన్ని తీసుకొని 'హనుమాన్: బాయ్ వారియర్' అనే వీడియో ఆటను హైదరాబాదులోని అరోనా టెక్నాలజీస్ అనే సంస్థ తయారుచేసింది. 2009లో ప్లేస్టేషన్ రెండవ తరపు యంత్రం మీద వచ్చింది. ఆ యంత్రానికి మన దేశంలోనే తయారైన మొదటి ఆట అని గొప్పగా చెప్పుకొన్నారు. దేవుణ్ణి మీటలతో ఆడించటం ఏమిటి, మనం ఆయన చేతిలో ఉండాలిగాని ఆయన మన చేతిలో ఉండటమా అని అమెరికాలోని కొందరు హిందువులు అభ్యంతరం చెప్పారు. దాని మంచిచెడ్డలు అట్లా ఉంచండి. ఆట కూడ అంత బాగా కుదరలేదనే సమీక్షకులు వ్రాశారు. మన ఊరు పక్క వీరుడు, మన తెలుగు దేశపు పనివారు, అయినా పిల్లలు దానిని మరచిపోయారు. ఎక్కడో టాస్మేనియా పుస్తకంలో దొరికిన పందికొక్కు మాత్రం ముప్పై ఏళ్ళుగా పరుగెత్తుతూనే ఉంది. పని నాణ్యంగా చేసినవాడి దగ్గర ఎలుక కూడ ఏనుగు అవుతుంది, ఏమి చేస్తాము!

ఈ పరుగు ఎక్కడిదాకా పోయిందంటే, ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండు రాష్ట్రంలో రివర్స్‌లీ అనే చోట రాళ్ళలో కోటి ఏళ్ళకు పైబడిన ఒక బాండికూట్ శిలాజం దొరికింది. దానికి 2014లో శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఏమిటో తెలుసా? 'క్రాష్ బాండికూట్'. ఇది శాస్త్రనామమే సుమా. మన తెలుగు కూలివాడి నోటి మాట ఓడ ఎక్కింది, ఖండం మారింది, జంతువు మారింది, ఆటబొమ్మ అయింది, ఆటబొమ్మనుంచి మనుషులు పుట్టకముందరి ఎముకకు పేరయింది.

తిరుగు ప్రయాణం కూడ చేసింది. 2018లో తిరువనంతపురంలో కొందరు కుర్ర ఇంజనీర్లు మురుగు గుంటల్లోకి మనిషి దిగకుండా శుభ్రం చేసే యంత్రం కనిపెట్టి, దానికి 'బాండికూట్' అని పేరు పెట్టారు. నేను విన్నవాటిలో ఈ పేరుకు ఇంతకంటె గౌరవమైన వినియోగం లేదు.

ఇక నా సొంత గోడు ఒకటి చెప్పి కూర్చుంటాను.

1953లో తుంగభద్ర ఆనకట్ట నుంచి నీరు వదిలిన తరువాత ఎడమగట్టు కాలువ పొడవునా మన పెద్దలు ఎట్లా వచ్చి దిగారో ఈ సభలో అందరికీ తెలుసు. అక్కడ కొద్ది చెక్క అమ్ముకొని ఇక్కడ విస్తారంగా రేగడి కొన్నారు. మా నాన్నగారు నన్ను చంకనెత్తుకొని దిగినప్పుడు ఇది హైదరాబాదు రాష్ట్రం. ఇల్లు కదలకుండానే 1956లో మైసూరు రాష్ట్రం, 1973లో కర్ణాటక అయింది. గుడిసెలు వేసుకొన్న చోటును క్యాంపు అన్నారు. మేడలు కట్టినా ఇంకా క్యాంపే. మా నాన్నగారు హాస్యానికి అనేవారు: "మనతోపాటు అడగకుండా వచ్చినవి రెండురా, ఒకటి గోంగూర, రెండు పందికొక్కు." వరి పొట్టమీదికి వచ్చిందంటే రాత్రిళ్ళు దుబ్బులు కోసేది, గట్టుకు బొక్కపెడితే తెల్లవారేటప్పటికి పైమడి నీరంతా పక్కవాడి మడిలో ఉండేది. దానిమీద తగాదాలు, పంచాయతీలు! కుండలో గడ్డి పెట్టి, పొగ బొరియలోకి ఊది పట్టేవారు. తవ్వితే లోపల అరలు అరలుగా వరివెన్నులు పేర్చి ఉండేవి. కూలివాళ్ళు ఆ వెన్నులు దులుపుకొని వడ్లు పట్టుకుపోయేవారు. ఆ మాట వెనక మా ఇంట్లో ఇంత సంసారం ఉంది. మూడవ తరానికి వచ్చేటప్పటికి మాట పోయింది, పందికొక్కు మాత్రం ఉంది.

ఈ ప్రసంగాన్ని మన ఉగాది సంచికలో అచ్చువేస్తామని కార్యదర్శిగారు సెలవిచ్చారు. సంతోషమే. కాని ఇందులో ముఖ్యపాత్ర అయిన మా మనుమడు దీనిని చదవలేడు. వాడికి తెలుగు మాట వచ్చుగాని అక్షరం రాదు. ఈ సభలో వెనక వరుసల్లో కూర్చున్న పిల్లల్లో ఎందరికి వచ్చునో చేతులెత్తమని నేను అడగను. అడిగితే పిల్లలకంటె మనమే ఎక్కువ సిగ్గుపడవలసి వస్తుంది. తప్పు వారిది కాదు. మా ఇంట్లో ఒక పంతులు ఉండి కూడ, లెక్కలు నేర్పాడుగాని అక్షరాలు నేర్పలేదు. ఆదివారం సాయంత్రం ఈ హాలు ఖాళీగానే ఉంటుంది. తాళంచెవి ఇస్తే నేను వస్తాను. జీతం అక్కరలేదు, ఒక నల్లబల్ల చాలు. ఈ మాట ఇంతకుముందు కూడ ఒకసారి అన్నాను, ఈసారి సంచికలో అచ్చవుతుంది గనుక మరల అంటున్నాను.

మరునాడు పొద్దున్నే మనుమణ్ణి పొలానికి తీసుకుపోయాను. కోత అయిన మడి. రెండవ పంటకు నీరు పెట్టేముందు గట్లు చూసుకోవాలి. తూము పక్కన కొత్తగా ఎగదోసిన మట్టి కనబడింది. "ఇదిగో, మీ వీరుడి ఇల్లు" అన్నాను. పాలేరు గునపంతో తవ్వాడు. రెండు మూరల లోతున ఒక అర. అందులో శేరు వడ్లకు తక్కువలేని వెన్నులు. మనుమడు కూర్చుని లోపలికి తొంగిచూసి, "తాతా, ఇది కూడా ఏరుకొని దాచుకొంటుందే!" అన్నాడు. ఇంటివాడు మాత్రం ఇంట్లో లేడు. వెనక బొక్కలోంచి ఎప్పుడో పోయాడు.

వాడు ఒక పుల్ల తీసుకొని, తడిమట్టిమీద ఆ పేరు వ్రాస్తానన్నాడు. నేను ఒక్కొక్క అక్షరమే పలికాను, వాడు కన్నడ అక్షరాలలో వ్రాశాడు. చదివి చూశాను. పందికొక్కు, తప్పు లేదు. తలకట్లు రెండు చోట్ల మార్చి, "ఇప్పుడు ఇది తెలుగు" అన్నాను. వాడు కాసేపు రెండూ పోల్చి చూసి, "ఇంతేనా?" అన్నాడు.

ఇంతలో కాలువనీరు వచ్చే వేళయింది. బొరియలో మట్టి కూరి, తొక్కి, గట్టు గట్టిచేసి ఇంటికి వచ్చాము.